డెల్టా రోడ్లకు తగిన టైర్లు వెతుక్కున్న తీరు

గోదావరి డెల్టాలో రోడ్డు సైకిలు తొక్కేవారికి ఎత్తులెక్కే శ్రమ లేదు. పాలకొల్లు నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా ఎక్కవలసినవి కాలువ గట్లూ వంతెనలే. వాటిలో చెప్పుకోదగినవి గోదావరి పాయ అయిన వశిష్ఠ మీద చించినాడ దగ్గర ఒకటి, సిద్ధాంతం దగ్గర ఒకటి. నేల ఇంత చదునుగా ఉన్నచోట సైకిలును వెనక్కి లాగేవి ప్రధానంగా రెండే, ఎదురుగాలి ఒకటి, టైరు మరొకటి. మధ్యాహ్నం నుంచి సముద్రం వైపు నుంచి వీచే గాలిని ఎవరూ మార్చలేరు కనుక, మార్చడానికి వీలున్న టైరు గురించి నేను కొంత పట్టుదలగా ఆలోచించాను.

నా సైకిలుది అల్యూమినియం ఫ్రేము, రిమ్ము బ్రేకులు. కొన్నప్పుడు దానికి 25 మి.మీ. వెడల్పు టైర్లు ఉండేవి. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం వల్ల తెల్లవారుజామునే తొక్కి, మొదటి పాఠం వేళకు స్నానం చేసి సిద్ధంగా ఉండాలి. ఆ హడావిడిలో పంచరు పడితే ఆ పూట వ్యాయామం పోవడమే కాక తరగతి కూడా ఆలస్యమవుతుంది. పైగా 200 కిలోమీటర్ల బీఆర్ఎం, అంటే పందెం కాకుండా గడువులోపు దూరం పూర్తిచేసే సైకిలు యాత్ర, తొక్కాలన్న కోరిక ఒకటి ఉండేది. దానికి నియమం ప్రకారం 13 గంటల 30 నిమిషాల గడువు ఉంటుంది, అంటే గంటకు సగటున 15 కిలోమీటర్ల కంటే తక్కువే. లెక్కకు అది తేలికే. కాని మన ఎండలో ఆ సమయమంతా జీను మీద గడపడం తేలిక కాదు. దూరంలో ఎక్కువ భాగం ఉదయం పదకొండు గంటలకే పూర్తి కావాలంటే టైరు వేగంగా దొర్లాలి, దారిలో ఆగకుండానూ ఉండాలి. ఈ రెండు గుణాలూ ఒకదానికొకటి అడ్డు తగులుతాయన్నదే ఇందులోని చిక్కు.

టైర్ల పేర్లు చూడకముందు, అసలు నా ట్యూబుల్లో దిగుతున్నవి ఏమిటో తెలుసుకోవాలనుకున్నాను. పంచరు పడినప్పుడల్లా గుచ్చుకున్న వస్తువును ఒక చిన్న డబ్బాలో వేయడం మొదలుపెట్టాను. మా వీధి మలుపులో పంచరు షాపు నడిపే బాబాయికి ఇది మొదట విచిత్రంగా తోచింది కాని, తరువాత ఆయనే నా కోసం జాగ్రత్తగా పట్టకారుతో తీసి అరచేతిలో పెట్టేవారు. ఒకసారి వెంట్రుకంత సన్నటి తునకను చూపించి, “ఇది మేకు కాదండి మాష్టారండీ, లారీ టైరు తీగండి. పేలిపోయిన టైరు ముక్కలు హైవే పక్కన పడుంటాయి చూడండి, వాటిలోంచి ఊడొస్తాదండి. కంటికి కనపడదు, వేలు పెట్టి తడిమితే గుచ్చుకుంటాదండి, ఆయ్” అన్నారు. నా డబ్బాలో చేరిన వాటిలో ఎక్కువ ఈ తీగలే. రేడియల్ టైర్ల లోపల ఉక్కు తీగలతో అల్లిన పొరలు ఉంటాయి. టైరు పేలినప్పుడు అవి పోగులు పోగులుగా విడిపోయి రోడ్డు అంచుకు చేరతాయి. 216 నంబరు జాతీయ రహదారి మీదా, సిద్ధాంతం మీదుగా పోయే పాత 16వ నంబరు రహదారి మీదా సైకిలు తొక్కేవారికి మిగిలేది సరిగ్గా ఆ అంచే.

తరువాతి స్థానం పల్లేరుకాయలది. కాలువ గట్ల మీదా రోడ్డు పక్క ఇసుకలోనూ పాకే ఈ మొక్క కాయ ఎండాక ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కొక్క ముక్కకు గట్టి ముళ్లు ఉంటాయి, అది ఎలా పడినా ఏదో ఒక ముల్లు పైకే చూస్తుంది. ఎదురుగా వచ్చే బస్సుకు దారి ఇవ్వడానికి మట్టిలోకి దిగితే చాలు, చక్రానికి అంటుకుంటుంది. భీమవరం, నరసాపురం వైపు చెరువుల దగ్గర తొక్కినప్పుడు గుల్లల పెంకులు దొరికాయి. గాజు ముక్కల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

గుచ్చుకోకుండానే పంచరు చేసేది కూడా ఒకటి ఉంది. కోతల కాలంలో రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోస్తారు, దాని మీదికి బండ్లు రాకుండా అంచు పొడవునా రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తాక రాళ్లు ఎత్తడం అందరికీ గుర్తుండదు. ఆరబోసేవారి మీద నాకు ఫిర్యాదు లేదు, వారికి వేరే కళ్లం ఎక్కడుంది? కాని మసక వెలుతురులో ఆ రాయి మీదికి చక్రం ఎక్కితే ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. టైరులో ఏ ముల్లూ కనిపించక, ట్యూబుకు మాత్రం రెండు చిల్లులు ఉంటే కారణం ఇదే.

ఈ డబ్బాను ముందు పెట్టుకుని ఆలోచిస్తే ఒక్కొక్క శత్రువుకు ఒక్కొక్క రక్షణ కావాలని తెలిసింది. ముల్లు ఒక్క దెబ్బతోనే దిగుతుంది. దానిని ఆపడానికి పొర మందంగానో, నేత చిక్కగానో ఉండాలి. తీగా గాజూ అలా కాదు, అవి మొదట రబ్బరులో ఇరుక్కుని, చక్రం తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం లోపలికి పోతాయి. కనుక ఇంటికి వచ్చాక తడిగుడ్డతో టైరు తుడిచి, కళ్లతో వెతికి తీసేస్తే వాటిలో చాలావాటిని ట్యూబు దాకా పోకుండానే ఆపవచ్చు. రాతి దెబ్బకు మందపు పొరతో పనే లేదు, దానికి కావలసినవి టైరు వెడల్పు, సరిపడా గాలి.

ఇక వేగం. చాలామంది అనుకునేది గట్టి టైరు వేగంగా పోతుందని; నిజానికి టైరు శక్తిని తినేది వంగేటప్పుడు. నేలను తాకిన చోట టైరు చదునవుతుంది, దాటాక మళ్లీ గుండ్రంగా వస్తుంది. వంచడానికి పెట్టిన శక్తి అంతా తిరిగి రాదు, కొంత వేడిగా పోతుంది. స్థితిస్థాపక శైథిల్యమని మా పాఠంలో చెప్పేది ఇదే. రబ్బరు ఎంత మందంగా ఉంటే, లోపలి నేత ఎంత బిరుసుగా ఉంటే, ఈ నష్టం అంత ఎక్కువ. కనుక పంచరు కాకుండా ఎంత మందం పెంచితే అంత వేగం తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో కాగితం మీద చూసుకున్నాను. నేనూ సైకిలూ కలిపి 85 కిలోలు, వేగం సెకనుకు 8 మీటర్లు, అంటే గంటకు 29 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. దొర్లుడు ఘర్షణ గుణకం 0.004 ఉన్న టైర్లకు దాదాపు 27 వాట్లు, 0.007 ఉన్న టైర్లకు దాదాపు 47 వాట్లు ఖర్చవుతాయి. మొదటి గుణకం మంచి రేసు టైరుకు, రెండోది బాగా మందపు టైరుకు సుమారుగా వర్తిస్తాయి. తేడా 20 వాట్లు. నాబోటి మధ్యవయస్కుడు పొద్దంతా నిలకడగా ఇవ్వగలిగే శక్తి నూట యాభై వాట్ల లోపే కనుక ఇది చిన్న మొత్తం కాదు. సైకిలు బరువులో వంద గ్రాములు తగ్గించడానికి వేలు ఖర్చుపెట్టేవారు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుందని నాకు అనిపిస్తుంది, మా నేల మీద బరువుతో పని చాలా తక్కువ.

వెడల్పు విషయంలో నా పాత నమ్మకం మార్చుకోవలసి వచ్చింది. ఒకే గాలి ఒత్తిడిలో వెడల్పాటి టైరు నేలను తాకే చోటు పొట్టిగానూ వెడల్పుగానూ ఉంటుంది, సన్నటి టైరుది పొడవుగా ఉంటుంది. పొట్టిగా ఉన్నప్పుడు టైరు వంగేది తక్కువ, కాబట్టి నష్టమూ తక్కువ. అయితే వెడల్పు ఫ్రేము అనుమతించినంతవరకే. బ్రేకుకూ టైరుకూ మధ్య ఎంత సందు ఉందో చూడటానికి నేను అలెన్ కీలను వాడాను, 28 మి.మీ. టైరు ఎక్కాక కూడా 4 మి.మీ. కీ పైనా పక్కలా తగలకుండా దూరగలదని తేలింది, 32కు మాత్రం చోటు లేదు. డిస్కు బ్రేకుల సైకిలు ఉన్నవారు 32 దాకా ఆలోచించడం మా రోడ్లకు మంచిది.

కొలత గురించి ఒక మాట. టైరు పక్కన 28-622 అని ముద్రించి ఉంటుంది. 28 వెడల్పు, 622 అనేది టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. మన ఊళ్లలోని మామూలు పెద్ద సైకిళ్లకు వేసే 28 × 1½ టైరుది 635. పేరులో 28 ఉంది కదా అని దుకాణంలో దానినిస్తే రోడ్డు సైకిలు రిమ్ముకు అది వదులై ఊడిపోతుంది. వాల్వు కూడా వేరు: పెద్ద సైకిలుది డన్‌లప్ రకం, నాది సన్నటి ప్రెస్టా. బాబాయి దగ్గర గాలి కొట్టించుకోవడానికి వీలుగా ఒక ఇత్తడి అడాప్టరును నేను ఎప్పుడూ జీను సంచిలో ఉంచుకుంటాను.

తరువాత రకాలు. ష్వాల్బే మారథాన్ ప్లస్ వంటి టైరులో ట్రెడ్, అంటే నేలను తాకే పై రబ్బరు, కింద 5 మి.మీ. మందాన ప్రత్యేక రబ్బరు పొర ఉంటుంది. పల్లేరుకాయ దానిని దాటలేదు. రోజూ ఆఫీసుకు వెళ్లేవారికీ సామాన్లతో దూరాలు తిరిగేవారికీ అది సరైనదే. కాని బరువు, బిరుసు చూశాక అది నా సైకిలు పని కాదనిపించింది. రెండో కొసన ఉన్న టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే పందెం) టైర్లు పలచటివి, వాటి గురించి ఆలోచించడమే అనవసరం.

ట్యూబ్‌లెస్ గురించి మాత్రం చాలాకాలం ఊగిసలాడాను. టైరులో పోసే సీలెంటు చిన్న చిల్లులను తొక్కుతుండగానే మూసేస్తుంది, మా తీగలకు అంతకంటే మంచి విరుగుడు లేదు. ట్యూబే ఉండదు కనుక అది రాతికీ రిమ్ముకూ మధ్య నలిగే ప్రసక్తే లేదు. అయినా మూడు సంగతులు నన్ను ఆపాయి. నా రిమ్ములు ట్యూబ్‌లెస్‌కు చేసినవి కావు, చక్రాలే మార్చాలి. మా వేసవిలో సీలెంటు త్వరగా ఎండిపోతుంది, తరచుగా పోస్తూ ఉండాలి. చిల్లు పెద్దదై సీలెంటుతో మూసుకోకపోతే రాజోలు దగ్గరో ఆచంట దగ్గరో దాన్ని బాగుచేసేవారు ఉండరు. ట్యూబయితే ఏ ఊళ్లోనైనా నీళ్ల తొట్టీ, గరుకు కాగితం, సొల్యూషన్ ఉన్న మనిషి ఒకరు దొరుకుతారు. ఇదే కారణంతో టీపీయూ అనే పలచటి ప్లాస్టిక్కు ట్యూబులనూ వద్దనుకున్నాను. నలభై గ్రాముల లోపు బరువుతో అవి వేగంగానే ఉంటాయి కాని మామూలు ప్యాచి వాటికి అంటదు. మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబులతోనే ఉండిపోయాను.

మిగిలింది మధ్య రకం: మెత్తటి రబ్బరు, చిక్కటి నేత, ట్రెడ్ కింద మందపు రబ్బరుకు బదులుగా పలచని బలమైన గుడ్డ పొర ఉన్న టైరు. కాంటినెంటల్ వారి గ్రాండ్ ప్రి 5000లో వెక్ట్రాన్ దారంతో నేసిన పొర ఒకటి ఉంటుంది, గ్రాండ్ ప్రి 4 సీజన్‌లో అవి రెండు, దానికి తోడు పక్కల మీద కూడా రాపిడికి ఓర్చే నేత. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ చుట్టూ ఉన్న గాలి సంచులు వెక్ట్రాన్‌తో చేసినవే, అంత పలచగా అంత బలంగా ఉండే దారం అది. మారథాన్ ప్లస్ మందంతో సాధించేదానిలో కొంత భాగాన్ని ఇది నేతతో సాధిస్తుంది. మొత్తం కాదు, బలమైన పల్లేరు ముల్లు వెక్ట్రాన్ దారాల సందులో నుంచి కూడా దూరగలదు.

రెండు చక్రాలకూ ఒకే టైరు వేయాలన్న నియమం ఏమీ లేదని తెలిశాక నిర్ణయం సులువైంది. తొక్కేవారి బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది, నడిపించే బలమూ అక్కడే; ముందు చక్రం లేపి పడేసిన తీగ వెనక చక్రానికి నిటారుగా దొరుకుతుంది. నా పంచర్లలో అత్యధికం వెనకవే. అందువల్ల వెనకకు 4 సీజన్, ముందుకు 5000, రెండూ 28 మి.మీ. తీసుకున్నాను. రెండింటి ధరతో మా ఊళ్లో ఒక మామూలు కొత్త సైకిలు వస్తుంది. ఇంట్లో ఆ సంగతి చెప్పినప్పుడు ఏం జరిగిందన్నది ఈ వ్యాసానికి సంబంధించని విషయం.

కొత్త టైరు ఎక్కించడం బలంతో చేసే పని కాదు. రిమ్ము మధ్యలో లోతైన గాడి ఉంటుంది. ఎక్కినంత మేర టైరు అంచును ఆ గాడిలోకి చుట్టూ నొక్కుకుంటూ వస్తే చివరి జానెడు దగ్గర వదులు దొరుకుతుంది. వాల్వు దగ్గర ఆఖరున ముగించాలి. ట్యూబులో ముందుగా కొంచెం గాలి ఊదితే మడత పడదు. లివరు వాడకుండా బొటనవేళ్లతో ఎక్కించాలని చూశాను, ముందుది ఎక్కింది, వెనకదానికి లివరు తప్పలేదు.

అసలు శ్రద్ధ పెట్టవలసి వచ్చింది గాలి విషయంలో. 25 మి.మీ. టైర్లకు నేను 100 పీఎస్ఐ దాకా కొట్టేవాణ్ణి, గట్టిగా ఉంటే వేగమన్న నమ్మకంతో. కొత్తవాటిని 95తో మొదలుపెట్టి ఐదేసి చొప్పున దింపుతూ రెండు చోట్ల పరీక్షించాను. చించినాడ వంతెన దిగేటప్పుడు గాలి కదలని తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఒకే భంగిమలో తొక్కకుండా కూర్చుని సైకిలు ఎంత దూరం దొర్లుతుందో చూశాను. 95కూ 75కూ నేను గుర్తించగల తేడా ఏమీ రాలేదు. దాటిపోయిన ఒక లారీ గాలే టైరు తేడా కంటే పెద్దదిగా కనబడింది. పాలకొల్లు నుంచి ఆచంట మీదుగా మార్టేరు వెళ్లే దారిలో తారు చెదిరిన చోట్ల మాత్రం తేడా స్పష్టంగా తెలిసింది. 95లో సైకిలు ప్రతి గులకరాయి మీదా ఎగిరేది, 75లో రాయిని టైరే మింగేది. ఎగిరిన ప్రతిసారీ ముందుకు పోవలసిన శక్తి మన నడుములోనూ చేతుల్లోనూ వృథా అవుతుంది కనుక, టైర్లను పరీక్షించే నునుపైన డ్రమ్ము మీద ఎక్కువ గాలితో వచ్చే లాభం గరుకు రోడ్డు మీద తలకిందులవుతుంది. 65కు దింపితే వెనక చక్రం గుంతలో రిమ్ముకు తగిలిన శబ్దం వినిపించింది, అక్కడ ఆగాను. ఇప్పుడు ముందుకు 70, వెనకకు 75 కొడుతున్నాను. ఇవి నా బరువుకు సరిపోయిన అంకెలు. తేలికగా ఉన్నవారు ఇంకా తగ్గించుకోవచ్చు.

ఎండ సంగతి కూడా లెక్కవేశాను. ఉదయం 25 డిగ్రీల దగ్గర 75 పీఎస్ఐ కొడితే, మధ్యాహ్నం టైరు లోపలి గాలి 45 డిగ్రీలకు చేరినప్పుడు ఒత్తిడి పెరిగేది 6 పీఎస్ఐ మాత్రమే. వేసవిలో సైకిలు ట్యూబు పేలిపోతుందని గాలి తక్కువగా కొట్టేవారు ఉన్నారు. రిమ్మూ టైరూ సరిగ్గా ఉంటే ఆ భయానికి ఆధారం లేదు.

వానల్లో టైరు మీద గాట్లు ఉంటేనే పట్టు ఉంటుందని నాతో తొక్కే మిత్రులు అనేవారు. నా రెండు టైర్లూ దాదాపు నున్నగానే ఉంటాయి. నీటి పొర మీద టైరు తేలిపోయే వేగానికి నాసా 1960లలో విమానాల టైర్ల నుంచి ఒక సూత్రం రాబట్టింది. దాని ప్రకారం పీఎస్ఐ విలువ వర్గమూలాన్ని 9తో గుణిస్తే ఆ వేగం నాట్‌లలో వస్తుంది. 75 పీఎస్ఐకి అది గంటకు 140 కిలోమీటర్లు దాటుతుంది. సైకిలుకు ఆ ప్రమాదమే లేదు, తడి తారు మీద పట్టు ఇచ్చేది రబ్బరు మెత్తదనమే. జారేది నీటి వల్ల కాదు, నాట్ల కాలంలో దమ్ము చక్రాల ట్రాక్టర్లు పొలంలోంచి రోడ్డెక్కించే నల్లటి బురద వల్ల. దాని మీద ఏ టైరూ నిలవదు. అక్కడ మలుపులో బ్రేకు వేయకుండా నిటారుగా దాటడమే మార్గం.

ఈ టైర్లతో ఒక వర్షాకాలమూ ఒక కోతల కాలమూ గడిచాయి. పంచర్లు ఆగిపోలేదు కాని బాగా తగ్గాయి, రాతి దెబ్బకు నలిగిన ట్యూబు మాత్రం మళ్లీ చూడలేదు. బీఆర్ఎం గడువులోపే పూర్తయింది. తిరుగు ప్రయాణంలో వెనక చక్రంలో ఒక తీగ దిగింది, కొత్త ట్యూబు వేసుకుని, టైరు లోపలి వైపు గుడ్డతో తడిమి ఆ తీగను తీశాకే గాలి కొట్టాను. అది తీయకుండా ట్యూబు మారిస్తే పది నిమిషాలకు మళ్లీ అదే పని.

వెనక టైరు మధ్యభాగం ఇప్పుడు చదునవుతోంది. ట్రెడ్ మీద అరుగుదల తెలిపే రెండు చిన్న గుంటలు ఇంకా మాయం కాలేదు, మాయమయ్యేదాకా తొక్కుతాను. తరువాత ముందు టైరును వెనకకు మార్చడం సాధారణ పద్ధతి, ఎందుకంటే ముందు చక్రం జారితే పడిపోకుండా నిలవడం కష్టం, మంచి టైరు ఎప్పుడూ ముందే ఉండాలి. కాని నాకు వెనక రెండు పొరల టైరే కావాలి. అందుకే మళ్లీ ఒక 4 సీజన్ వెనకకే తెప్పిస్తున్నాను; ముందున్న 5000కు ఇంకా చాలా ఆయుష్షు ఉంది.